తవుడంటిన చొక్కా

మా వైపు మనిషి పోయిన మర్నాటికల్లా ఫ్లెక్సీ లేస్తుంది. ఊరి మొదట్లో బస్సు ఆగే చోట కరెంటు స్తంభానికి కడతారు. పైన 'అశ్రునివాళి' అని పెద్ద అక్షరాలు, కింద బంధుమిత్రుల మొహాలు, మధ్యలో పోయినాయన. బతికినన్నాళ్ళూ లుంగీ, బనీనుతో గడిపిన మనిషైనా సరే, ఫ్లెక్సీ ఎక్కేసరికి నల్లకోటు, ఎర్ర టై వచ్చేస్తాయి. ఎండలో మాడిన మొహం తెల్లగా తేలుతుంది. ఏలూరులో ముప్పావు జీవితం పిల్లలకి బొమ్మలు నేర్పినదాన్ని, అవి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను పోతే పట్టుచీర కట్టి మెడనిండా నగలు దిగేస్తారేమో, అలా చేస్తే ఊరుకోనని మా ఇంట్లోవాళ్ళని ముందే బెదిరించి ఉంచాను.

రిటైరయ్యాక శనివారాలు కొల్లేటి వైపు ఒక ఊరి బడికి వెళ్తున్నాను. ఆ బడి పెద్ద టీచరు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే. "శనివారం నో బ్యాగ్ డే అన్నారు మేడమ్. పుస్తకాలు లేకపోతే వీళ్ళు నన్ను బతకనివ్వరు, మీరొచ్చి బొమ్మలు వేయించండి" అని ఫోన్ చేసింది. చిన్నప్పుడు నేను దాన్ని ఆడించాను, ఇప్పుడు అది నన్ను ఆడిస్తోంది. పొద్దున్నే ఏలూరులో బస్సెక్కితే, పొలాలు దాటగానే రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు మొదలవుతాయి. ఎదురొచ్చే లారీల్లోంచి ఐసు నీళ్ళు కారుతుంటాయి. ఆ నీచు వాసన అలవాటయ్యాక బస్సులో నిద్ర కూడా బాగా పడుతుంది.

ఒంట్లో బాగాలేక మూడు నాలుగు వారాలు మానేసి, ఒక శనివారం మళ్ళీ వెళ్తే, బస్సు దిగేసరికి స్తంభానికి నేను చూడని ఫ్లెక్సీ ఉంది. మామూలే, నల్లకోటు. విసుక్కుంటూ బడిలోకి నడిచాను. వరండాలో నా శిష్యురాలు కళ్ళతోనే మూడో తరగతి పిల్లనొకదాన్ని చూపించి, నన్ను పక్కకి తీసుకెళ్ళింది. ఆ ఫ్లెక్సీలో ఉన్నది ఆ పిల్ల తండ్రి. చేపల చెరువులో మేత సంచులు కట్టే పనివాడు. చెరువు గట్టు మీద మోటారు దగ్గర షాకు కొట్టి, నీళ్ళలో పడి పోయాడు. కబురు తెలియగానే, పిల్ల దడుచుకుంటుందని, దహనానికి ముందే తాడేపల్లిగూడెంలో మేనత్త ఇంటికి పంపేశారు. నాన్న పనిమీద ఊరెళ్ళాడని చెప్పారు. పెద్దకర్మ అయిపోయాక తీసుకొచ్చి, అప్పుడు అసలు సంగతి చెప్పారు.

"ఏడవలేదు మేడమ్. ఒక్క మాట అడగలేదు. బడికి బుద్ధిగా వస్తోంది. ఇదివరకు రోజూ బుగ్గ మీద ఏదో మసి పూసుకొచ్చేది, నేనే కొంగుతో తుడిచి కసురుకునేదాన్ని. ఇప్పుడు మొహం కూడా శుభ్రంగా కడుక్కుని వస్తోంది" అంది నా శిష్యురాలు.

"మరి ఇబ్బంది ఏంటి?"

"సాయంత్రం గంట కొట్టాక ఇంటికెళ్ళదండీ. గేటు దగ్గర మెట్టు మీద కూర్చుంటుంది. వాళ్ళ నాన్న అక్కడికే బండి మీద వచ్చి తీసుకెళ్ళేవాడు. చీకటి పడే వేళకి వాళ్ళ నాయనమ్మ వచ్చి రెక్క పుచ్చుకుని లాక్కెళ్తోంది. రోజూ ఇదే వరస. నాకు చూడబుద్ధి కావట్లేదు. మీరు బొమ్మలతో ఏదైనా చెయ్యండి మేడమ్."

నేనేమైనా డాక్టరునా, బొమ్మలు వేయించే ముసలిదాన్ని అన్నాను. అన్నానే గాని, ఆ సాయంత్రం నా బస్సు వచ్చేదాకా నేనూ ఆ గేటు దగ్గరే నిలబడ్డాను. పిల్ల మెట్టు మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, గట్టు దారి వైపు చూస్తూ కూర్చుంది. దూరంగా మోపెడ్ శబ్దం వినబడితే మెడ సాగేది. బండి ఎవరిదో తెలిశాక మళ్ళీ గడ్డం మోకాళ్ళ మీద ఆనించేది. బస్సెక్కాక కూడా కిటికీలోంచి ఆ మెట్టు వైపే చూశాను.

పిల్లల చేత బాధను బొమ్మల్లో చెప్పించాలని ఎక్కడో విన్నాను. సరే, మనకు తెలిసిన విద్యే కదా అని మొదలుపెట్టాను. మీకు ఇష్టమైనవాళ్ళని గీయమంటే మగపిల్లలంతా సినిమా హీరోల్ని గీశారు. ఆ పిల్ల చేపని గీసింది. ఇంకోసారి రంగులు ఇచ్చి, సంతోషానికి ఒక రంగు, బాధకి ఒక రంగు వెయ్యండర్రా అన్నాను. మా మేడమ్‌కి ఏం కావాలో కనిపెట్టేసి అందరూ బాధకి నలుపు పూసేశారు. ఒకడు మాత్రం పసుపు వేసి, "వేసవి సెలవులకి చెరువులు ఎండగడతారు కదండీ, ఈత ఉండదు, అదండీ నా బాధ" అన్నాడు. ఆ పిల్ల మళ్ళీ చేపనే గీసింది. వాళ్ళ చెరువుల్లో పెంచే శీలావతి. పొలుసు పొలుసూ వేరుగా, శ్రద్ధగా గీసింది. బొమ్మగా చూస్తే ఎంత ముచ్చటగా ఉందో. నాకే పనికిరాలేదు.

నాకు ఓపిక తక్కువ. మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలో దాని పక్కన కూర్చుని సూటిగా అడిగేశాను.

"మీ నాన్న పోయాడని నీకు తెలుసా అమ్మా?"

"అందరూ అంటున్నారండి."

"నువ్వేమంటావు?"

కాసేపు నేల మీద వేలితో గీతలు గీసింది. తరవాత, నాకు తెలియని విషయం చెబుతున్నట్టు, నెమ్మదిగా అంది. "ఫొటోలో ఉన్నాయన పోయాడండి. ఆయన మా నాన్న కాదండి."

"మరి ఎవరు?"

"ఏమోనండి. మా నాన్నకి కోటు లేదు. మా నాన్న నల్లగా ఉంటాడు. ఇక్కడ దెబ్బ మచ్చ ఉంటుంది" అని కనుబొమ్మ తాకి చూపించింది. "మా ఇంట్లో అందరూ ఆయనకే దండ వేస్తున్నారండి. ఆయన ఎవరో నాకు తెలీదు."

ఆ పిల్ల మాటలో తప్పేముంది? శవాన్ని చూడనివ్వలేదు. ఊరెళ్ళాడని చెప్పారు. తిరిగొచ్చేసరికి గోడ మీద ఎవరో తెల్లటి మొహం, నల్లకోటు ఆయన్ని పెట్టి ఈయనే మీ నాన్న, ఈయన చనిపోయాడు అన్నారు. ఆ మొహాన్ని నమ్మకపోతే ఆ కబురు మాత్రం ఎందుకు నమ్మాలి?

ఆ సాయంత్రం నాయనమ్మ వచ్చినప్పుడు వాళ్ళతో పాటు ఇంటికి వెళ్ళాను. తల్లి ఇంకా ఆకివీడులో చేపలు ప్యాక్ చేసే షెడ్డు నుంచి రాలేదు. ముందుగదిలో గోడకి ఫ్లెక్సీలోని ఫొటోనే ఫ్రేము కట్టించి పెట్టారు. దండ ఉంది, చిన్న ఎర్ర లైటు ఉంది. మచ్చ లేదు. కనుబొమ్మలు పెన్సిలుతో దిద్దినంత నున్నగా ఉన్నాయి. నా కోపం నెత్తికెక్కి కూర్చుంది.

"ఏవమ్మా, కొడుకుకి ఆ కోటెందుకు తొడిగించారు? పసిదానికి తండ్రి ఆనవాలు లేకుండా చేశారు కదా" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. నాకు కుర్చీ వేసి, తను గడప మీద కూర్చుంది.

"పెళ్ళప్పుడు కోటు వేసుకుంటానని ముచ్చటపడ్డాడండీ. అద్దెకి తెస్తానన్నాడు. చెరువు పనోడికి కోటేంటిరా, నలుగురూ నవ్వుతారు అన్నానండి. మరింక అడగలేదు. షాపులో అబ్బాయి, కోటు వెయ్యమంటారా అని అడిగితే, వెయ్యి బాబూ అన్నాను. నాకింకేం తోచలేదండీ."

కళ్ళు తుడుచుకుని, మంచినీళ్ళు అడిగి తాగాను. ఫ్లెక్సీల మీద నాకున్న కోపం చాలావరకు అక్కడే దిగిపోయింది. కొంచెం మాత్రం ఇప్పటికీ ఉంచుకున్నాను.

వేరే ఫొటో ఉందా అని అడిగితే లేదన్నారు, పెళ్ళి ఫొటోలు వరదకి తడిసి పాడైపోయాయట. ఫోన్లో బోలెడు ఉండేవట. ఆ ఫోను అతని జేబులోనే ఉండి, అతనితో పాటే చెరువులో పడింది. మిగిలింది ఆధార్ కార్డు జిరాక్స్ ఒకటే. షాపువాళ్ళు దాంట్లోంచే మొహం తీశారు. అయినా ఆశ చావక ఆ షాపుకి కూడా వెళ్ళాను. ఏలూరులోనే ఉంది. యజమాని ఒకప్పుడు బోర్డులు రాసినవాడే. నా మాట విని, మర్యాదగా కంప్యూటరు తెరిచి, ఫొటోలో కోటు తీసి చూపించాడు. మెడ దాకా మొహం ఉంది. దాని కింద ఖాళీ.

"కోటు తీస్తే కింద మనిషి లేడండీ మేడమ్. ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

మరుసటి శనివారం బస్సులో ఒక నిర్ణయానికొచ్చాను. బడిలో పిల్లలందరినీ నల్లబల్ల ముందు కూర్చోబెట్టి, సుద్దముక్క తీసుకున్నాను.

"ఇవాళ బొమ్మ నేను గీస్తాను. వీళ్ళ నాన్నని గీస్తాను. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. మీరంతా చూశారు. ఎలా ఉండేవాడో చెప్పండి, తప్పు గీస్తే దిద్దండి."

నా శిష్యురాలు గుమ్మం దగ్గర బిగుసుకుపోయింది. వద్దని సైగ చేసింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. పిల్లలు మొదట్లో ఆ పిల్ల వైపు చూసి గుసగుసలాడుకున్నారు. చావు గురించి దాని ముందు మాట్లాడొద్దని ఇళ్ళలో చెప్పి ఉంటారు. చివరికి ఒక పిల్ల లేచి, "తలకి తువ్వాలు కట్టుకుంటాడండి" అంది. ఇంకొకడు, "నన్ను పడవ ఎక్కించాడండి ఓసారి, తెడ్డు కూడా ఇచ్చాడు" అన్నాడు. ఇంకొకరు నవ్వుతూ, "పెలికాన్ పక్షిలాగా నడిచి చూపించేవాడండి" అన్నారు. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు గాని తలెత్తి బల్ల వైపు చూసింది.

తువ్వాలు గీశాను, కళ్ళు గీశాను. వెనక బల్ల నుంచి ఎవరో, "మీసాలు పెద్దవండీ, మెలి తిరిగి ఉంటాయి" అని కేక వేశారు. నేను మీసాలు మెలి తిప్పాను.

"కాదు!"

ఆ పిల్ల లేచి నిలబడి ఉంది.

"మీసాలు చిన్నవండి. వాడు చెప్పినవి వాళ్ళ బాబాయివి."

చెరిపి చిన్నవి పెట్టాను. చెవులు ఇంకా పైకి ఉండాలంది. పెట్టాను. మచ్చ ఇటువైపు కాదు, అటువైపు అంది. మార్చాను. పన్ను ఒకటి వంకర అంది. ఇన్నాళ్ళూ నోరు విప్పని పిల్ల, నా తప్పులు పట్టుకోవడానికి నోరు విప్పింది. నేను తెలిసి కొన్ని తప్పులు చేశాను, తెలియక ఎన్నో చేశాను. ఒక్కో తప్పుకీ తండ్రి గురించి ఒక్కో మాట బయటికొచ్చింది. ఆ పన్ను చెరుకు కొరికితే వంకరపోయిందట. ఆ మచ్చ పడవ అంచు తగిలి పడిందట. చెవి పట్టుకుని లాగితే లేని నొప్పి నటించి అరిచేవాడట.

కాని ఎంత దిద్దినా మొహం కుదరలేదు. చూసి చూసి, "ఈయన కాదండి" అనేది. మళ్ళీ చెరిపేదాన్ని. నా చేతులు, చీర సుద్దపొడితో తెల్లబడ్డాయి. చివరికి ఓపిక పోయి, "మరి ఎలా ఉంటాడే మీ నాన్న, నువ్వే గియ్యి!" అని సుద్దముక్క దాని చేతిలో పెట్టాను.

అది సుద్దముక్క పట్టుకుని బల్ల వైపు చూస్తూ నిలబడింది.

"అటు తిప్పాలండి."

"దేన్ని?"

"మా నాన్నని. అటువైపు తిరిగి ఉండాలండి. నేను బండి మీద వెనక కూర్చుంటాను కదండీ."

బల్ల మొత్తం తుడిచేశాను. ఈసారి వీపు గీశాను. తువ్వాలు ముడి, మెడ మీద చెమటకి అంటుకున్న జుట్టు, చొక్కా కాలరు, వెడల్పాటి భుజాలు. పిల్ల నా పక్కనే నిలబడి, ముడి ఇంకా కిందకి, కాలరు ఒకవైపు మడత అంటూ చెప్పింది. కుడి భుజం దగ్గరికి వచ్చేసరికి సుద్దముక్క పక్కనపెట్టి, సుద్దపొడిలో అరచెయ్యి అద్ది, తనే ఆ భుజం మీద రుద్దింది.

"అదేంటమ్మా?"

"తవుడండి. పొద్దున్నే చేపలకి తవుడు సంచులు కట్టొస్తాడు కదా. భుజాన మోస్తాడు. అది చొక్కాకి ఉంటుంది. నేను ఇలా ఆనుకుంటే నా బుగ్గకి అంటుకునేది."

గుమ్మం దగ్గర నా శిష్యురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోజూ తను మసి అనుకుని తుడిచింది ఏమిటో దానికి అప్పుడు తెలిసింది.

పిల్ల బల్లకేసి చూసి తలూపింది. "ఈయనండి" అంది.

నల్లబల్ల మీది బొమ్మ సోమవారం లెక్కలకి చెరిగిపోతుంది. అందుకని వచ్చే శనివారం పెద్ద చార్టు మీద రంగులతో వేద్దాం అని మాటిచ్చాను. ఆ వారమంతా నేను ఇంట్లో చేపల చెరువు గట్లు, మోపెడ్లు గీస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ పరీక్షకీ అంత భయపడలేదు.

శనివారం పిల్ల చిన్న కాగితం పొట్లంతో వచ్చింది. అందులో తవుడు ఉంది. మీ రంగుల్లో ఈ రంగు ఉండదండి, అందుకని తెచ్చాను అంది. పిల్లలంతా చుట్టూ చేరారు. గట్టు దారి వేశాను. రెండు పక్కలా చెరువులు, నీళ్ళలో కర్రలు, కర్రలకి వేలాడే మేత సంచులు. దారి మధ్యలో బండి, బండి మీద అటు తిరిగిన మనిషి. చొక్కా నీలం అని పిల్ల చెప్పింది, వెలిసిన నీలం అని మళ్ళీ దిద్దింది. భుజం మీద నేను జిగురు రాస్తే, అది తవుడు చిటికెలతో చల్లి వేలితో అద్దింది. పక్కనున్న పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు.

ఇక మిగిలింది వెనక సీటు. నేను పెన్సిలు తీసుకుని, బండి వెనక చిన్న రెండు జడలు, స్కూలు బ్యాగు గీయబోయాను.

పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను వెయ్యకండి."

"ఎందుకమ్మా? నాన్న వెనక నువ్వే కదా కూర్చునేది?"

"నేను దిగిపోయానండి." గేటు వైపు చెయ్యి చూపించింది. "ఆ రోజు పొద్దున్న నన్ను అక్కడ దింపేశాడు. సాయంత్రం వస్తానన్నాడు. నేను మెట్టు మీద నిలబడి చూశాను. ఇలాగే వెళ్ళిపోయాడండి." బొమ్మ వైపే చూస్తూ అడిగింది. "ఇంక రాడు కదండీ?"

అంతవరకూ ఊళ్ళో ఎవరికీ ఆ ప్రశ్నకి సమాధానం చెప్పాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే అది అడగలేదు. నాకు పక్కకి తప్పుకోవాలనిపించింది. కాని అది నా చెయ్యి వదల్లేదు.

"రాడమ్మా. మోటారు షాకు కొట్టింది. చనిపోయాడు. రాగలిగితే నీకోసం వచ్చేవాడే" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. బొమ్మ మీదికి వంగి, తవుడు అద్దిన ఆ భుజం మీద బుగ్గ ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్లల్లో ఇద్దరు ముగ్గురు దాన్ని ఆనుకుని కూర్చుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. జిగురు ఇంకా ఆరలేదని గుర్తొచ్చింది గాని, లేవమని ఎవరమూ అనలేదు.

సాయంత్రం గంట కొట్టారు. నాయనమ్మ అలవాటు చొప్పున గేటు దగ్గరికి వచ్చి, ఖాళీ మెట్టు చూసి కంగారుగా లోపలికి వచ్చింది. చుట్టచుట్టిన చార్టు పట్టుకుని పిల్లే ఎదురెళ్ళింది. ఆవిడ బొమ్మ విప్పించుకుని చాలాసేపు చూసింది.

"వాడేనండీ" అంది. తరవాత నా వైపు తిరిగి, "వీపుకి దండ ఎలా వేస్తారండీ మేడమ్?" అని అడిగింది.

"దండ వద్దు నాయనమ్మా. అది కోటు నాన్నకి వెయ్యి. ఇది నా మంచం దగ్గర పెట్టుకుంటాను" అంది పిల్ల. గోడ మీది మనిషిని అది నాన్న అనడం అదే మొదటిసారి.

ఇద్దరూ బయల్దేరారు. పిల్ల వరండా దిగబోతూ మాకు టాటా చెప్పడానికి ఇటు తిరిగింది. దాని బుగ్గ మీద తవుడు అంటుకుని ఉంది. నా పక్కన కూర్చున్న నా శిష్యురాలు చూసి, అలవాటుగా కొంగు చేతిలోకి తీసుకుని లేచింది. లేచి, అలాగే నిలబడిపోయి, కొంగు వదిలేసి మళ్ళీ కూర్చుంది.